డోలీ మోసిన అప్పయ్య

ఆషాఢం వచ్చిందంటే మన సికింద్రాబాద్ తీరే మారిపోతుంది. జనరల్ బజార్ వైపు బండ్లు పోనివ్వరు, సందు సందుకీ బారికేడ్లు, మైకుల్లో పాటలు, దూరం నుంచే డప్పుల మోత. పసుపు రాసిన కుండలు, వాటి చుట్టూ వేపమండలు, పైన దీపాలు పెట్టుకుని ఆడవాళ్ళు గంటలకొద్దీ లైన్లో నిలబడతారు. ఫలహారం బండ్లు వస్తాయి, పోతరాజులు వస్తారు, మర్నాడు రంగంలో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తారు. లష్కర్ బోనాలంటే ఇదంతా.

లక్షల మంది వచ్చే ఈ పండగ ఒక మనిషి మొక్కుతో మొదలైంది. ఆయన రాజు కాదు, పూజారి కాదు, పండితుడు అంతకన్నా కాదు. మిలిటరీలో డోలీ మోసే మనిషి. పేరు సురిటి అప్పయ్య. ప్రతి ఏడాదీ బోనాల ముందు పేపర్లలో ఆయన పేరు ఒక్కసారి వస్తుంది. గుడి చరిత్ర అని ఒక చిన్న బాక్స్ వేసి, అందులో రెండో లైన్‌లో ఆయన్ని చెప్పి, వెంటనే ట్రాఫిక్ మళ్ళింపుల వార్తలోకి వెళ్ళిపోతారు. నేనూ చాలా ఏళ్ళు ఆ బాక్స్ దాటేసి ట్రాఫిక్ వార్తే చదివాను. ఈసారి ఆ రెండో లైన్ దగ్గర ఆగుదాం.

ముందు లష్కర్ అనే మాట సంగతి. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ సికింద్రాబాద్‌ని లష్కర్ అనే అంటారు. లష్కర్ అంటే సైన్యం, సైన్యం దిగిన చోటు. 1798లో నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం ఆయన రాజ్యానికి కాపలా ఉండాలి, దాని ఖర్చు ఆయన పెట్టుకోవాలి. అలా వచ్చిన సైన్యం హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన ఖాళీ నేల మీద గుడారాలు వేసింది. 1806లో ఆ చోటికి అప్పటి నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరు పెట్టారు. అంటే అప్పయ్య కథ జరిగేనాటికి మన ఊరికి నిండా పదేళ్ళు లేవు. చార్మినార్‌కి అప్పటికే రెండు వందల ఏళ్ళు దాటాయి, ఇక్కడేమో ఇంకా గుడారాల తాళ్ళు కడుతున్నారు.

సైన్యం అంటే తుపాకీ పట్టుకున్న సిపాయిలు మాత్రమే కాదు. వాళ్ళ వెనక వంటవాళ్ళు, నీళ్ళు మోసే భిస్తీలు, గుర్రాలకి గడ్డి కోసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, సరుకులు అమ్మేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళ పేర్లు యుద్ధాల చరిత్రలో కనపడవు. వాళ్ళలో ఒక రకం డోలీ మోసేవాళ్ళు. పొడవాటి వెదురు బొంగుకి కింద తేలికపాటి మంచమో గుడ్డ ఊయలో కట్టి, అందులో దెబ్బ తగిలినవాణ్ణీ జ్వరం వచ్చినవాణ్ణీ పడుకోబెట్టి భుజాల మీద తీసుకుపోవాలి. తెలుగునాట పల్లకీ మోసేవాళ్ళని బోయీలు అంటారు కదా, అదే నేర్పు ఇక్కడా కావాలి. నలుగురి అడుగూ ఒకటిగా పడాలి. ఒక్కరి కాలు తడబడితే లోపలున్న రోగి ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే అప్పయ్య ఆనాటి 108. తేడా ఏమిటంటే ఆ 108కి ఇంజనూ తనే, డ్రైవరూ తనే.

ఇక 1813. హైదరాబాద్, సికింద్రాబాద్ జంట ఊళ్ళలో గత్తర పడింది. గత్తర అనే మాట మన తరం వాళ్ళు తిట్లలోనే విని ఉంటారు. ముసలివాళ్ళకి కోపం వస్తే నోట్లోంచి వచ్చే మాట అది. కానీ గత్తర అంటే కలరా. తెల్లారి బాగానే ఉన్న మనిషికి పొద్దెక్కేసరికి వాంతులు, విరేచనాలు. బియ్యం కడిగిన నీళ్ళలా ఒంట్లోని నీరంతా పోతుంది. కళ్ళు లోపలికి పోతాయి, గొంతు పోతుంది, కాళ్ళు చేతులు కొంకర్లు పోతాయి, ఒళ్ళు చల్లబడుతుంది. ముదిరిన కేసులో గంటకి ఒక లీటరు దాకా నీరు పోవచ్చు. వైద్యం లేకపోతే కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. ఇంట్లో ఒకరికి వస్తే ఆ ఇంట్లో, ఆ వాడలో మిగతావాళ్ళకీ వచ్చేది. అప్పట్లో వేల మంది పోయారని గుడి చరిత్ర చెప్తుంది.

ఆ రోజుల్లో జనం చేతిలో ఏమున్నాయి? చాలానే ఉన్నాయి, అదే విషయం. వాము, అల్లం, ఉల్లిపాయ రసం, కర్పూరం, మజ్జిగ, గంజి. వాకిట్లో వేపాకు పొగ. గుమ్మానికి వేపమండల తోరణం. పిల్లల మెడలో తాయెత్తు, మొలతాడుకి వేరుముక్క. మంత్రం వేసే ముసలమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళు కొందరు, దర్గా దగ్గర నీళ్ళు ఊదించుకుని తాగేవాళ్ళు కొందరు. ఒకే ఇంట్లో రెండూ చేసేవాళ్ళు ఎక్కువ. ఊరికి ఊరే కలిసి చేసేవి వేరే ఉండేవి. ముత్యాలమ్మకో, పోచమ్మకో, మైసమ్మకో, పోలేరమ్మకో జాతర చేసి, బలిచ్చి, నెత్తుటి అన్నాన్ని పొలిమేర పొడుగునా చల్లేవాళ్ళు. దాన్ని పొలి అంటారు. పొలి చల్లిన గీత దాటి రోగం లోపలికి రాదని నమ్మకం. రోగాన్ని తెచ్చేదీ అమ్మే, తీసుకుపోయేదీ అమ్మే. అందుకే ఆమెని తిట్టరు. బతిమాలి, భోజనం పెట్టి, మర్యాదగా సాగనంపుతారు. బోనం అనే మాటే భోజనం నుంచి వచ్చింది.

ఇదంతా చదివి మనకి నవ్వు రావచ్చు. నవ్వేముందు అదే లష్కర్‌లో ఇంకో గుడారంలోకి తొంగి చూద్దాం, అక్కడ కంపెనీ డాక్టర్లు ఉన్నారు. యూరప్‌లో చదువుకున్నవాళ్ళు, పుస్తకాలు ఉన్నవాళ్ళు. ఆ కాలంలో కలరాకి వాళ్ళ వైద్యం ఏమిటంటే కాలోమెల్ అనే పాదరసం మందు, నల్లమందు ద్రావకం, బ్రాందీ, ఆపైన నరం కోసి రక్తం తీయడం. ఒంట్లో నీరంతా పోయి చచ్చిపోతున్నవాడికి విరేచనాల మందు పోసి, ఉన్న రక్తం కూడా తీసేసేవాళ్ళు. రోగం చెడ్డ గాలి వల్ల వస్తుందని వాళ్ళ థియరీ. కాబట్టి 1813లో సికింద్రాబాద్‌లో ఒక కలరా రోగికి చదువుకున్న డాక్టర్ కన్నా, గంజిలో ఇంత ఉప్పేసి గుక్క గుక్కగా తాగించే ముసలమ్మ దగ్గరే బతికే అవకాశం ఎక్కువ. ఆ సంగతి ఆ డాక్టరుకీ తెలీదు, ఆ ముసలమ్మకీ తెలీదు.

సరిగ్గా ఆ ఏడాదే అప్పయ్య ఉన్న బెటాలియన్‌ని ఉజ్జయినికి పంపారు. ఇప్పటి రోడ్డు లెక్కలో కూడా ఇక్కణ్ణుంచి ఉజ్జయిని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైనే. అప్పట్లో కాలినడక. గోదావరి దాటాలి, తపతి దాటాలి, నర్మద దాటాలి. డోలీ మోసేవాడికి ఖాళీ చేతులతో నడిచే రోజు ఉండదు. సైన్యం నడుస్తుంటే వెనకపడినవాళ్ళూ, జ్వరం వచ్చినవాళ్ళూ అతని భుజం మీదికే వస్తారు.

ఉజ్జయినిలో ఉండగా అప్పయ్యకి ఇంటి దగ్గర జనం పిట్టల్లా రాలిపోతున్నారన్న సంగతి తెలిసింది. ఒక్కసారి ఆయన పరిస్థితి ఊహించుకోండి. ఈ మనిషి పనే రోగుల్ని మోయడం. ఎవరైనా పడిపోతే పరిగెత్తుకెళ్ళి భుజానికి ఎత్తుకోవడం ఒక్కటే ఆయనకి తెలిసిన వైద్యం. ఇప్పుడు పడిపోతున్నది సొంత ఊరు. తనేమో ఎనిమిది వందల కిలోమీటర్ల అవతల, ఇంకొకళ్ళ ఆర్డర్ల కింద ఉన్నాడు. ఉత్తరం ఒకటి వెళ్ళి జవాబు వచ్చేలోపు అక్కడ ఎవరుంటారో ఎవరు పోతారో. చేతులున్నాయి, భుజాలున్నాయి, మోయడానికి మనుషులు మాత్రం అందుబాటులో లేరు.

అప్పుడాయన తోటివాళ్ళని వెంటబెట్టుకుని అక్కడి మహంకాళి గుడికి వెళ్ళాడు. మా ఊరిని ఈ గత్తర నుంచి కాపాడితే, అక్కడ నీ విగ్రహం పెట్టి గుడి కడతామని మొక్కుకున్నాడు. అప్పయ్య జీవితంలో చరిత్రకి ఎక్కిన పెద్ద సంఘటన ఇదొక్కటే. కొన్ని నిమిషాల పని.

మొక్కు అనేది మనలాంటి కోడింగ్ వాళ్ళకి తేలిగ్గా అర్థమయ్యే విషయం. అదొక ఇఫ్ కండిషన్. ఇది జరిగితే అది చేస్తాను, జరగకపోతే నాకు బాకీ లేదు. మనం కూడా పెట్టుకుంటాం, సెమిస్టర్ గట్టెక్కితే కొబ్బరికాయ అని. కానీ అప్పయ్య మొక్కులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఆయన తనకోసం అడగలేదు, తన ఇంటివాళ్ళ కోసం మాత్రమే కూడా అడగలేదు, ఊరందరి కోసం అడిగాడు. నిజానికి ఆ ఊళ్ళో సగం మంది ఆయన ముఖం కూడా చూడనివాళ్ళు. రెండు, ఆయన ఒప్పుకున్న బాకీ చిన్నది కాదు. డోలీ మోసి బతికే మనిషి ఒక దేవతని రాష్ట్రాలు దాటించి తెస్తానని, ఆమెకి ఇల్లు కడతానని మాటిచ్చాడు.

1815లో అప్పయ్య తిరిగి వచ్చేసరికి ఊళ్ళో రోగం తగ్గింది. ఆయన మాట మర్చిపోలేదు. కొయ్యతో చేసిన మహంకాళి విగ్రహాన్ని ఇక్కడ ప్రతిష్ఠించాడు. ఉజ్జయినిలో మొక్కిన అమ్మ కాబట్టి ఆమె ఉజ్జయిని మహంకాళి అయింది. ఇప్పుడు జనరల్ బజార్‌లో మనం చూసే గుడి అదే. గుడి దగ్గరి పాత బావిని బాగుచేస్తుంటే అందులో ఇంకో అమ్మవారి విగ్రహం దొరికింది. ఆమెని మాణిక్యాలమ్మగా మహంకాళి పక్కనే నిలబెట్టారు. 1864లో కొయ్య విగ్రహం స్థానంలో రాతి విగ్రహం వచ్చింది. గుళ్ళోకి వెళ్తే ఇద్దరమ్మలూ పక్కపక్కనే కనపడతారు. ఒకామె ఎనిమిది వందల కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చింది, ఇంకో ఆమె ఇక్కడి బావిలోంచే వచ్చింది.

ఇక్కడిదాకా పేపర్ బాక్స్‌లో ఉండే కథే, కొంచెం విడమరిచి చెప్పాను. అసలు ప్రశ్న ఇప్పుడొస్తుంది. అప్పయ్య మొక్కు పనిచేసిందా?

దీనికి మన చుట్టూ రెండు రెడీమేడ్ జవాబులు ఉన్నాయి. ఒకటి, అంతా మూఢనమ్మకం, వదిలెయ్. రెండోది ప్రతి ఆషాఢంలో వాట్సాప్‌లో వస్తుంది. మన పూర్వీకులు సైంటిస్టులు, వేపాకు, పసుపు యాంటీబయాటిక్స్, బోనాలు అంటే అసలు శానిటేషన్ ప్రోగ్రామ్, పది మందికి పంపండి అని. నాకు రెండూ సరిగ్గా అనిపించవు.

ముందు రెండో దాని సంగతి చూద్దాం. కలరా నీళ్ళతో వస్తుంది. రోగి మలం కలిసిన నీళ్ళు ఇంకొకరు తాగితే వస్తుంది. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే డాక్టర్ చచ్చిపోయినవాళ్ళ ఇళ్ళు ఎక్కడున్నాయో చూస్తే, అవి చాలావరకు బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ తేలాయి. ఆ పంపు హ్యాండిల్ తీయించేశాడు. అదే 1854లో ఇటలీలో పచీని అనే ఆయన మైక్రోస్కోప్ కింద ఆ క్రిమిని చూశాడు, ఎవరూ పట్టించుకోలేదు. 1884లో రాబర్ట్ కాక్ మన కలకత్తాలో, చెరువు నీళ్ళలోనూ రోగుల పేగుల్లోనూ అదే క్రిమి ఉందని చూపించాడు. ఆ క్రిమి కుండ చుట్టూ కట్టిన వేపమండకి భయపడదు. గుమ్మానికి రాసిన పసుపు దాటుకుని కాదు, బిందెలో నీళ్ళతో పాటు ఇంట్లోకి వస్తుంది. మరి 1815కల్లా రోగం ఎందుకు తగ్గిందంటే, గత్తరలు ఎక్కడైనా కొంతకాలం ఊపుగా ఉండి తర్వాత వాటంతట అవే తగ్గుముఖం పడతాయి. వానలు మారతాయి, నీళ్ళు మారతాయి, ఒకసారి వచ్చి బతికినవాళ్ళకి కొంత రక్షణ వస్తుంది. మొక్కు తర్వాత తగ్గింది కాబట్టి మొక్కు వల్ల తగ్గింది అనుకోవడం మన స్టాటిస్టిక్స్ సార్ మొదటి క్లాసులోనే వద్దన్న తప్పు. అయినా అమ్మకి మొక్కినవాళ్ళెవరూ మన సైన్స్ సర్టిఫికెట్ అడగలేదు. ఆ గౌరవం అంటగట్టడానికి మనం లేని గుణాలు వేపాకుకి కట్టబెట్టక్కర్లేదు.

అలాగని మొదటి జవాబు కూడా సరిపోదు. ఎందుకంటే భయంలో మనుషులు చేసే పనులు ఒక్క మన ఊళ్ళోనే ఇలా లేవు. ఐర్లాండ్ సంగతి చూడండి. అక్కడి పల్లెల్లో మొన్నమొన్నటిదాకా ఒక్కో రోగానికి ఒక్కో కుటుంబం దగ్గర మందో మంత్రమో ఉండేది. తండ్రి నుంచి బిడ్డకి వచ్చేది, డబ్బులు తీసుకోకూడదు. బాగు చేస్తుందని పేరున్న బావి పక్కన చెట్టుకి గుడ్డపేలికలు కట్టేవాళ్ళు, మనం చెట్టుకి ముడుపు కట్టినట్టే. 1832లో ఆ దేశానికి కలరా వచ్చింది. జూన్‌లో దక్షిణాన ఒక ఊళ్ళో మేరీమాత కనపడి రోగాన్ని ఆపే బూడిద ఇచ్చిందని కబురు పుట్టింది. అది పొయ్యిలో వాడే ఎండిన మట్టిగడ్డగా, గడ్డిపరకగా, బూడిదగా చేతులు మారింది. అందుకున్నవాళ్ళు ఇంకొన్ని ఇళ్ళకి పరిగెత్తుకెళ్ళి ఇచ్చి రావాలి, అదీ షరతు. జనం రాత్రిళ్ళు నిద్ర మానుకుని మైళ్ళ కొద్దీ పరిగెత్తారు. వారం తిరిగేలోపు దేశంలో చాలా భాగానికి ఆ గడ్డ పాకిపోయింది. నెట్‌వర్క్స్ క్లాసులో చెప్పే ఫ్లడింగ్ ఇదే, వాట్సాప్ ఫార్వర్డ్ కూడా ఇదే. కానీ ఇంకో వైపు నుంచి చూస్తే, చావు ముంచుకొస్తున్న రాత్రి ఒక మనిషి పక్క ఊరివాళ్ళని కాపాడాలని చీకట్లో పరిగెత్తాడు. మందు అబద్ధం కావచ్చు, ఆ పరుగు అబద్ధం కాదు.

మన హైదరాబాద్‌లోనూ అలాంటివి చూస్తూనే ఉన్నాం. మృగశిర కార్తె వస్తే బత్తిని కుటుంబం ఉబ్బసానికి చేప ప్రసాదం ఇస్తుంది. కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగించడం, ఉచితంగా ఇవ్వడం, తయారీ ఇంటి గుట్టుగా ఉంచడం. అది పనిచేస్తుందా లేదా అన్నది ఒక ప్రశ్న. దానికి జవాబు పరీక్షలే చెప్పాలి. ఊపిరాడని పిల్లాణ్ణి ఎత్తుకుని రాత్రంతా లైన్లో నిలబడ్డ తల్లి ఎందుకు వచ్చింది అన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ కలిపేస్తే ఆ తల్లిని వెక్కిరిస్తాం, లేదా మందుని నెత్తిన పెట్టుకుంటాం.

కలరాకి అసలు మందు దొరికిన తీరు వింటే అప్పయ్య గుర్తొస్తాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షల మంది శరణార్థులు బెంగాల్‌లోని బన్‌గావ్ వైపు వచ్చారు. క్యాంపుల్లో కలరా మొదలైంది. దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ దగ్గర రక్తనాళం ద్వారా ఎక్కించే సెలైన్ అయిపోతోంది. ఆయన ఉప్పు, గ్లూకోజు, వంటసోడా నీళ్ళలో కలిపించి, డ్రమ్ముల్లో నింపించి, రోగుల పక్కనున్న అన్నదమ్ములకీ తల్లులకీ గ్లాసులిచ్చి తాగించమన్నాడు. ముప్పై శాతం దాకా ఉన్న చావులు నాలుగు శాతం లోపుకి దిగాయి. అదే ఓఆర్ఎస్. ఆ తర్వాత చేసిన పరీక్షల్లో బియ్యప్పిండితో చేసిన ఉప్పునీళ్ళు కూడా కలరాకి బాగా పనిచేస్తాయని తేలింది. అంటే 1813లో ఉప్పు గంజి తాగించిన ముసలమ్మ దగ్గర సగం జవాబు ఉంది. కొలత లేదు, లెక్క రాసుకున్నవాళ్ళు లేరు. ఆమె పక్కనే తాయెత్తు కట్టినవాళ్ళూ ఉన్నారు, ఉల్లిరసం పోసినవాళ్ళూ ఉన్నారు. వీటిలో ఏది బతికించిందో విడదీసి చూసే పద్ధతి అప్పటికి లేదు. పసరు వైద్యం అంతా తప్పూ కాదు, అంతా ఒప్పూ కాదు. లెక్క పెట్టి చూస్తేనే ఏది ఏదో తెలుస్తుంది.

అలా లెక్క పెట్టి చూసిన పెద్దమనిషి కూడా ఈ లష్కర్‌లోనే పనిచేశాడు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆయన కూడా మిలిటరీ డాక్టరే. ఒకే దండులో ఒకడు రోగాన్ని చూసి అమ్మకి మొక్కాడు, ఎనభై ఏళ్ళ తర్వాత ఇంకొకడు దోమని కోసి చూశాడు. మనకి రాస్ గురించి స్కూల్లో చెప్పారు. అప్పయ్య గురించి చెప్పలేదు. నోబెల్ వచ్చినాయన పాఠంలో ఉండటం న్యాయమే. కాకపోతే రోగం ఊరిమీద పడితే మామూలు మనిషి ఏం చేస్తాడో తెలియాలంటే అప్పయ్య పాఠం కూడా కావాలి.

ఇది నాకు 2020, 2021లో తెలిసింది. 2020లో కరోనా వల్ల బోనాలు గుళ్ళలో పూజారుల వరకే జరిగాయి, జనాన్ని ఇళ్ళలోనే చేసుకోమన్నారు. ఒక అంటురోగం వల్ల పుట్టిన పండగని ఇంకో అంటురోగం ఆపింది. నానమ్మ మా ఇంటి డాబా మీదే చిన్న కుండలో బోనం పెట్టింది. మరుసటి ఏడాది వేసవిలో తాతయ్యకి కరోనా వచ్చి హాస్పిటల్లో చేర్చాం. లోపలికి ఎవర్నీ రానివ్వరు. మా ఇంటికీ ఆ బిల్డింగ్‌కీ మధ్య ఆరు కిలోమీటర్లు. అప్పయ్యకి ఎనిమిది వందలు, మాకు ఆరు, చేతకానితనం మాత్రం ఒక్కటే. నాన్న ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. నేను ఇంటర్నెట్‌లో ఆక్సిజన్ లెవెల్స్ గురించి చదువుతూ కూర్చున్నాను. నానమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి దేవుడి దగ్గర పెట్టింది. తాతయ్య బాగై వస్తే లష్కర్‌లో బోనం ఎత్తుతానని మొక్కుకుంది. నేను చదివినదాని వల్లా ఉపయోగం లేదు, ఆమె కట్టిన ముడుపు వల్లా లేదు. తాతయ్య రాలేదు.

ఆ జులైలో బోనాలు మళ్ళీ జరిగాయి. నా ఇఫ్ కండిషన్ లెక్క ప్రకారం నానమ్మకి బాకీ లేదు. అయినా ఆమె కుండ తెప్పించింది, పసుపు రాసింది, బియ్యం, బెల్లం, పాలు వేసి వండింది. నాకు కోపం వచ్చింది. అమ్మ మాట నిలబెట్టుకోనప్పుడు నువ్వెందుకు అని అడిగాను. వాడకట్టులో మిగతావాళ్ళు ఉన్నారు కదరా అని మాత్రం అంది. మాస్కు పెట్టుకుని లైన్లో నిలబడి బోనం ఇచ్చి వచ్చింది. అప్పుడర్థమైంది, మొక్కులో కండిషన్ నేననుకున్న చోట లేదు. ఆమె కూడా ఊరి కోసమే అడిగింది, అందులో తాతయ్య ఒకడు.

అప్పయ్యని కూడా నేను ఇలాగే చూస్తాను. ఆయన మొక్కు కలరాని ఆపలేదు. ఆపిందని నేను చెప్పను, ఎవరైనా చెప్తే ఒప్పుకోను. రేపు మనవాళ్ళకి వాంతులు, విరేచనాలు మొదలైతే ముందు కావాల్సింది ఓఆర్ఎస్, ఆ వెంటనే డాక్టర్. వేపాకు ఫార్వర్డ్ పంపినవాళ్ళకి ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. కానీ చదువుకున్న డాక్టర్లే రోగుల రక్తం తీసి చంపుతున్న కాలంలో, చేయడానికి ఏమీ మిగలని చోట, ఒక డోలీ మోసే మనిషి తన ఊరందరి బరువునీ ఒక మాటగా భుజానికి ఎత్తుకున్నాడు. ఆ మాటని ఎనిమిది వందల కిలోమీటర్లు మోసుకొచ్చి ఇక్కడ దించాడు. రోగం తగ్గాక ఎవరూ ఆయన్ని అడిగేవాళ్ళు లేరు. మర్చిపోయినా పోయేదేం లేదు. మర్చిపోలేదు. ఆయన పెట్టిన కొయ్య బొమ్మ చుట్టూ గుడి పెరిగింది, గుడి చుట్టూ పండగ పెరిగింది. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్ర పండగ కూడా అయ్యాయి.

ఈసారి లష్కర్ బోనాలకి మన క్లబ్ వాళ్ళం కొందరం వెళ్దామనుకుంటున్నాం. వచ్చేవాళ్ళు మంచినీళ్ళ బాటిల్ తెచ్చుకోండి, రోడ్డు పక్క నీళ్ళు తాగొద్దు. ఈ మాట అమ్మకి కోపం తెప్పించదు. జనరల్ బజార్‌లో జనం తోపులాటలో ఎవరైనా స్పృహ తప్పితే వాలంటీర్లు స్ట్రెచర్ మీద ఎత్తుకుని పక్కకి తీసుకెళ్తారు, దారి ఇవ్వండి. నలుగురూ ఒకే అడుగు వేస్తూ నడుస్తారు, చూడండి. అప్పయ్య చేసిన ఉద్యోగం అదే.